మా అరుగు మీద పోసిన బియ్యం

పోయిన వారం పాపని తీసుకుని చల్లపల్లి వెళ్లి మా అయ్యగారిని చూసొచ్చాను. మా వైపు సంఘాల్లో పాస్టరుగారిని అయ్యగారనీ, ఆయన భార్యని అమ్మగారనీ పిలుస్తారు. దివిసీమలో నేను పుట్టి పెరిగిన పల్లెలో, నా చిన్నతనమంతా మందిరానికి ఆయనే పాస్టరు. ఇప్పుడు బాగా పెద్దవారైపోయి చల్లపల్లిలో కూతురింట్లో ఉంటున్నారు. చూసొచ్చిన దగ్గర్నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. అది నాకు కొత్తేమీ కాదు. పాపకి ఎప్పుడు ఆయాసం వస్తుందోనని దాని ఊపిరి వింటూ పడుకోవడం అలవాటైపోయింది. అది కాస్త నెమ్మదిగా నిద్రపోయిన రోజున ఇలా వంటింటి గట్టు మీద కాయితాలు పెట్టుకుని రాసుకుంటాను. పగలు కుదరదు.

నేను వెళ్లింది ఒట్టి పలకరింపుకి కాదు. మా ఆయన కిరణ్ గుడివాడలో ఒక సంఘంలో సహాయ పాస్టరు. పెళ్లికి ముందు నుంచీ సహాయ పాస్టరే. యువకుల కూడికలు, ఆసుపత్రి పరామర్శలు, సమాధి కార్యక్రమాలు, చివరికి కుర్చీలు సర్దడం కూడా అతని పనే. ఆదివారం వాక్యం చెప్పేది మాత్రం పెద్దపాస్టరుగారు, ఆయన ఊళ్లో లేకపోతే ఆయన అల్లుడు. అదొక్కటే అయితే ఓర్చుకునేవాళ్లమే. ఈమధ్య అన్నమ్మగారని ఒక వితంతువు, తన కూతురి కాపురం గురించి ప్రార్థన చెయ్యమని ఆయనతో చాటుగా చెప్పుకున్న సంగతిని, ఆయన ఆదివారం మైకులో పేరుతో సహా చెప్పేశారు. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. అప్పట్నుంచి సంఘంలో సగం మంది ఉడికిపోతున్నారు. వాళ్ల తరఫున రత్నంగారని ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చారు. బైపాసు దగ్గర రేకుల షెడ్డు చూశారట, విడిగా ఆరాధన మొదలుపెడదామట. "మీరు ఊఁ అంటే చాలు పాస్టరమ్మగారూ. తమ్ముడు మీ మాట కాదనడు. ఎన్నాళ్లని ఆయనకి కుర్చీలేస్తాడు చెప్పండి?" అన్నారు. ఆయన వెళ్లాక కిరణ్ నా వైపు చూసి, "నువ్వు చెప్పు జ్యోతీ. నువ్వెలా అంటే అలా" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఇలాంటి తగువొకటి చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీదే చూశాను కాబట్టి.

మా ఇంట్లో పొయ్యి వెలిగే ముందు జరిగే పని ఒకటుండేది. నాయనమ్మ బియ్యం చేటలో పోసి, రాళ్లేరి, కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి, గూట్లో ఉన్న పాలడబ్బాలో వేసేది. పిడికెడు బియ్యం అనేవాళ్లం. పూటపూటకీ అందరిళ్లలోనూ అలా తీసి, ఆదివారం మందిరానికి పట్టుకెళ్లి వేదిక పక్కనున్న గంగాళంలో పోసేవాళ్లు. అయ్యగారి కుటుంబం ఆ వారమంతా తినేది అదే. సన్నబియ్యం, లావుబియ్యం, కోటాబియ్యం అన్నీ అందులో కలిసిపోయేవి. అందుకని అమ్మగారి అన్నం కొంత జావగా, కొంత పలుకుగా దిగేది. ఆవిడ నవ్వుతూ "మా కుండలో ఊరంతా ఉడుకుతుందే" అనేవారు. ఎప్పుడైనా ఆ గుప్పెడు నేను తీస్తానంటే నాయనమ్మ తియ్యనిచ్చి, "అదేం గుప్పెడే, పిచ్చుకకి పెడతన్నావా? మళ్లీ తియ్యి" అనేది. బియ్యం అడుగంటిన రోజుల్లోనూ ఆ గుప్పెడు తప్పేది కాదు. అమ్మ సణిగేది. "మనకే చాలట్లేదు అత్తయ్యా." నాయనమ్మ వినిపించుకునేది కాదు. డబ్బా మూత బిగించి, దాని మీద అరచేత్తో ఒక్కసారి తట్టేది, పసిపిల్లని జోకొట్టినట్టు.

నాన్న అవనిగడ్డలో ఎరువుల కొట్లో పనిచేసేవాడు. ఇంటికి రాగానే ఆయన చొక్కా పురుగుమందు వాసన వేసేది. కాళ్లూ చేతులూ సబ్బుతో రుద్దుకునేదాకా అమ్మ వంటింటి గుమ్మం దాటనిచ్చేది కాదు. అది జీతానికి చేసే పని. దానికి పైన మందిరంలో ఉపదేశి పని. తెల్లవారుజామున గంట కొట్టడం, ఆదివారం బడిలో పిల్లలకి పాఠం చెప్పడం, జబ్బు చేసినవాళ్ల ఇళ్లకి వెళ్లి ప్రార్థన చెయ్యడం, అయ్యగారు పొరుగూరెళ్తే అన్నీ చూసుకోవడం ఆయన వంతు. నాన్నకి పాస్టరు కావాలనుండేది. మా సంఘాల పెద్దాఫీసు వాళ్లు బైబిలు బడికి పంపాలంటే అయ్యగారు ఒక మాట రాసివ్వాలి. ఏటేటా అడిగేవాడు. "ఇంకా టైము రాలేదోయ్ ప్రకాశం" అనేవారు అయ్యగారు. నాన్న "అలాగేనండి" అని వచ్చేసేవాడు. ఆ "అలాగేనండి" అంటే అమ్మకి ఒళ్లు మండేది.

అయ్యగారు చెడ్డవారని నేను అనలేను. ఆయన్ని చూస్తే భయం. గంజి పెట్టిన తెల్ల పంచె, నల్లగొడుగు, కోటేరేసిన ముక్కు. ఆడవాళ్లు పాట ఎత్తుకుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపేసి, "రాగం ఎటు పోతోంది? చెరువు గట్టు మీద నాట్ల పాటా ఇది?" అనేవారు. ఆయన ఉండగా మరొకరు పైకి ప్రార్థన చెయ్యకూడదు. చేస్తే దగ్గేవారు. విందులో మొదటి విస్తరి ఆయనకే వెయ్యాలి, మరచిపోయిన ఇంటికి ఏడాదిదాకా గడప తొక్కేవారు కాదు. అదే మనిషి, ఎవరి బిడ్డకైనా జ్వరం అంటే వానలో గట్టు మీద నడిచొచ్చి తెల్లారేదాకా మంచం పక్కన కూర్చునేవారు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయో అప్పుడు తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఒక ఏడు ఎండలు ముదిరాక మా వీధిలో సుందరయ్య తాత చనిపోయాడు. ఆయన మనవరాలి పెళ్లిలో అయ్యగారికి రెండో బంతిలో భోజనం పెట్టారని అంతకుముందే కోపం ఉంది. పొద్దున్నే కబురు పంపారు. వస్తున్నానన్నారు, రాలేదు. మళ్లీ పంపారు. మధ్యాహ్నం దాటింది, శవం ఎండలో ఉంది, కొడుకులు నాన్న కాళ్లావేళ్లా పడ్డారు. "ప్రకాశం బావా, నువ్వు చదివేయ్. ఇంకెంతసేపని ఉంచుతాం?" నాన్న తటపటాయించి, చివరికి నాలుగు మాటలు చెప్పి ప్రార్థన చేశాడు. గుంటలోకి దించబోతుంటే గొడుగేసుకుని అయ్యగారొచ్చారు. అందరూ వింటుండగా, "ఈ సంఘానికి పాస్టరు నువ్వా, నేనా? ఎరువుల మూటలు తూచినట్టనుకున్నావా ఇది?" అన్నారు. పెట్టెని మళ్లీ పైకి పెట్టించి, మొదట్నుంచీ అంతా తనే చేశారు. నాన్న పక్కకి జరిగి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. సుందరయ్య తాత కూతురు ఏడవడం మానేసి అయ్యగారి వైపే చూస్తూ ఉండిపోవడం నాకు గుర్తు.

ఆ ఆదివారం గంగాళంలో బియ్యం పడలేదు. మా వైపు పాస్టరు మీద కోపం వస్తే అరిచేవాళ్లు, పెద్దాఫీసుకి అర్జీలు పెట్టేవాళ్లు తక్కువ. ఆడవాళ్లు బియ్యం ఆపేస్తారు, అంతే. పొయ్యి మీదికి కుండ ఎక్కకపోతే ఆయనే మూటాముల్లె సర్దుకుంటాడని లెక్క. కాకపోతే మా ఊరి ఆడవాళ్లు ఒకడుగు ముందుకేశారు. మందిరం అయ్యాక వరసగా మా ఇంటికొచ్చి, అరుగు మీద దుప్పటి పరిచి, ఎవరి డబ్బా వాళ్లు దాని మీద కుమ్మరించారు. సుందరయ్య తాత కోడలు చెయ్యి దులుపుకుంటూ, "ఇక నుంచి మా అయ్యగారు మీ ఆయనే వదినా. మా గుప్పెడు మీ కుండలోకే" అంది. ఎవరో నవ్వుతూ, "అమ్మగారూ, కాస్త దయుంచండి" అని అమ్మకి దణ్ణం పెట్టారు. అమ్మ మొహం వెలిగిపోయింది. ఆవిడని ఎవరైనా అమ్మగారూ అనడం అదే మొదలు. ఆ వారం మా బియ్యం డబ్బా అడుగంటి, గీకితే గరిట చప్పుడు వినిపించేది.

నాన్న కొట్టు లెక్కలు చూసుకుని ఇంటికొచ్చేసరికి ఆ కుప్ప అలాగే ఉంది. చూసి, చెప్పులు కూడా విడవకుండా నిలబడిపోయాడు.

"ఏంటే ఇది?"

"దేవుడు చేసింది. ఏటేటా టైము రాలేదన్నారుగా, ఇదిగో వచ్చింది" అంది అమ్మ.

"దేవుడు చేస్తే పెద్దాఫీసు నుంచి కాయితం వస్తుంది. ఇది సుందరయ్య కోడలు చేసింది."

"పోనీ ఎవరైతేనేం? మనం అడిగామా? వాళ్లే పోశారు. రేపు పిల్లకి ఏం వండి పెట్టమంటారు, మీ 'అలాగేనండి'ని ఉడకేసి పెట్టనా?"

నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. బైబిల్లో గొర్రెలు కాచుకునే కుర్రాడి కథ మాకు ఆదివారం బడిలో చెప్పింది ఆయనే. రాజు తనని చంపాలని తరుముతుంటే గుహలో దాక్కున్న ఆ కుర్రాడికి ఆ రాజే ఒంటరిగా దొరికితే, చంపకుండా అతని పైబట్ట అంచు మాత్రం కోశాడట, అది కోసినందుకూ తప్పు చేశానని మనసు కొట్టుకుందట. ఆ మాటే అమ్మతో మళ్లీ ఎత్తాడు. "రాజుని దించడం తన పని కాదనుకున్నాడు కరుణా. దేవుడు ఎక్కించాడు, దేవుడే దించుతాడని."

"ఆ కుర్రాడికి పెళ్లాంబిడ్డలు గుహ బయట ఆకలితో కూర్చోలేదుగా!" అంది అమ్మ.

నాయనమ్మ అప్పటిదాకా తమలపాకు నములుతూ వింటోంది. "ఒరే అబ్బాయ్, గోనె తేరా, నే పట్టుకుంటా" అని మాత్రం అంది. ఇద్దరూ బియ్యం గోనెలోకెత్తారు. చీకటి పడ్డాక నాన్న దాన్ని సైకిలు మీద అయ్యగారింటి దొడ్డివైపు గుమ్మం దగ్గర దించి, అమ్మగారిని పిలిచి, ఎవరిచ్చారో చెప్పొద్దని వచ్చేశాడు. మర్నాడు అమ్మ పక్కింట్లో బదులు తెచ్చి వండింది. అందులోంచి కూడా నాయనమ్మ గుప్పెడు తీసింది.

తర్వాతి ఆదివారం అయ్యగారు వేదిక మీద నిలబడి, "నా మీద చెయ్యెత్తినవాళ్ల చేతులే నా గుమ్మానికి బియ్యం మోశాయి. దేవుడు మెడలు వంచాడు" అన్నారు. నాన్న వైపు చూసి, "కొందరికి తొందరెక్కువ. తొందరపడే కోడి కూర అవుతుంది" అన్నారు. కొందరు నవ్వారు. నాన్న మాతో పాటు చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మెడ వెనక భాగం ఎర్రగా కందిపోవడం నేను చూశాను. ఇంటికి వస్తూ అమ్మ దారి పొడుగునా ఏడ్చింది. "నోరు తెరిచి ఒక్క మాట, ఆ బియ్యం నేను తెచ్చానని ఒక్క మాట అనలేకపోయారా?" నాయనమ్మే సమాధానం చెప్పింది. "ఉప్పెనొచ్చినప్పుడు నువ్వు లేవమ్మా ఇక్కడ. ముళ్లకంపల్లో ఇరుక్కున్న శవాల్ని ముట్టుకోడానికి అయినవాళ్లే జంకారు. ఈయన అప్పుడు ముప్ఫై కూడా నిండని కుర్రాడు. పంచె ఎగ్గట్టి, ఎవరిదే కులమని అడక్కుండా అందర్నీ మోసి పూడ్చాడు. మీ మావయ్యని కూడా. ఈయన నోరు నాకూ తెలుసు. ఆ చేతులూ తెలుసు." అమ్మ కళ్లు తుడుచుకుని, "చేతులు మంచివైతే నోటికి సెలవా అత్తయ్యా?" అంది.

అయ్యగారి "టైము" వచ్చేసరికి నాన్నకి జుట్టు నెరిసింది. బందరుకి ఇవతల, గూడూరు దగ్గర ఒక చిన్న ఊళ్లో, తాటాకు పందిరి కింద కొన్ని కుటుంబాలున్న సంఘానికి పాస్టరుగా పంపారు. అప్పటికే షుగరు. అయినా నాన్న అక్కడ సంతోషంగానే ఉన్నాడు. ఆయన ముందు ఎవరైనా ప్రార్థన చెయ్యొచ్చు, తప్పు రాగంలో పాడొచ్చు. అమ్మని అందరూ అమ్మగారూ అనేవాళ్లు, ఆవిడ వెనక్కి తిరిగి చూసేది, ఎవర్నో పిలుస్తున్నారనుకుని. ఎక్కువ కాలం లేదు అది. నాన్న పోయినప్పుడు సమాధి దగ్గర ప్రార్థన చేసింది దివిసీమ నుంచి వచ్చిన అయ్యగారే.

ఇప్పుడు మా గుడివాడ సంఘంలో గంగాళం లేదు. గోడకి స్కానర్ అంటించి ఉంటుంది, ఫోను చూపిస్తే కానుక వెళ్లిపోతుంది. గుమ్మం ముందు ఫ్లెక్సీ మీద పెద్దపాస్టరుగారి మొహం, అల్లుడి మొహం. ఆరాధన ఫోనుల్లో లైవు వస్తుంది కాబట్టే అన్నమ్మగారి కూతురి సంగతి మందిరానికి రానివాళ్లు కూడా విన్నారు. మా పల్లెలో కోపమొస్తే ఆడవాళ్లు డబ్బా పట్టుకుని ఇంకో గుమ్మానికి నడవాల్సొచ్చేది, దారిలో ఎదురైనవాళ్లకి మొహం చూపించాల్సొచ్చేది. ఇప్పుడు వాట్సాపు గ్రూపులోంచి వెళ్లిపోతే చాలు. అప్పుడు బాగుందని చెప్పలేను. అమ్మ ఏడ్చిన ఏడుపు నాకు గుర్తుంది. ఆ ఏడుపు నేను ఏడవకూడదనే కదా పాస్టర్ల ఇంటికి కోడలిగా వెళ్లనని కాలేజీలో స్నేహితురాళ్లతో పందెం కాశాను.

అందుకే చల్లపల్లి వెళ్లాను. నాన్న చేసింది సరైనదా కాదా అని అడగడానికి నాన్న లేడు. అయ్యగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. పంచెకి గంజి లేదు. నన్ను గుర్తుపట్టారు, పాపని చూసి "ప్రకాశం ముక్కే" అన్నారు, కాఫీ చల్లారిందని కూతుర్ని కసిరారు. ఆ కసురు విని నాకు ధైర్యమొచ్చింది. మనిషి మారలేదు, అడగొచ్చు అనిపించింది.

"అయ్యగారూ, సుందరయ్య తాత పోయిన ఏడు మీ ఇంటికి బియ్యం ఎవరు తెచ్చారో మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు. దీపం పెట్టకుండా లోపల కూర్చున్నాను. మీ నాన్న మూట దించి, గుమ్మం దగ్గర ఒలికిన గింజలు చేత్తో ఏరి లోపల వెయ్యడం చూశాను."

"తెలిసే అలా మాట్లాడారా?"

"తెలుసు కాబట్టే అమ్మా. నా కూడు వాడి చేతి మీదుగా వచ్చిందంటే ఇక వేదిక ఎక్కలేననిపించింది." గొంతు సవరించుకున్నారు. "వాడితో చెప్పాలనుకున్నాను. దేవుడు టైము ఇస్తాడులే అనుకున్నాను. నీ పెళ్లికొచ్చినప్పుడు చెబుదామనుకుంటే జనం. వాడు ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసినప్పుడు బయల్దేరదామంటే మోకాళ్లు. చివరికి సమాధి దగ్గర చెప్పాను, పెదాలు కదపకుండా."

నాకు జాలి రావాలి. రాలేదు. "దేవుడు మీకు చాలా టైమే ఇచ్చాడండీ" అన్నాను.

"ఇచ్చాడు" అన్నారు ఆయన.

వచ్చేముందు అలవాటు కొద్దీ తల వంచాను, ఆయన ప్రార్థన చేస్తారని. ఆయన చెయ్యలేదు. "నువ్వు చెయ్యమ్మా, నేను వింటాను" అన్నారు. ఆయన ముందు మరొకరు నోరు విప్పి ప్రార్థించడం నేను పుట్టి ఎరగను. నాకు ఒక్క మాట కూడా దొరకలేదు. ఈలోగా పాప చేతులు జోడించి తనకొచ్చిన ఒకే ఒక ప్రార్థన చెప్పేసింది, అన్నం ముందు చెప్పేది. అక్కడ అన్నం లేదు, చల్లారిన కాఫీ ఉంది. అయ్యగారు గట్టిగా ఆమేన్ అన్నారు.

గుడివాడ బస్సులో కిటికీ పక్కన పాప పడుకుంటే నేను ఆలోచిస్తూ వచ్చాను. నాన్న ఎదురుచూశాడు, అయ్యగారూ ఎదురుచూశారు. ఇద్దరూ దేవుడి టైము అన్నారు. తనది కాని కుర్చీ కోసం చెయ్యి చాపకుండా ఉండటానికి నాన్న ఆ మాట అన్నాడు. తను చెప్పాల్సిన మాట చెప్పకుండా ఉండటానికి అయ్యగారు అన్నారు. నాన్న కూడా ఒక మాట మింగేశాడేమోనని ఇప్పుడనిపిస్తుంది. బియ్యం తిరిగిచ్చిన మనిషి, సుందరయ్య తాత కూతురికి క్షమాపణ చెప్పండయ్యగారూ అని కూడా అని ఉండాల్సింది. దానికి టైము అక్కర్లేదు. ఇంత అలిసిపోయి ఉన్నప్పుడు షెడ్డుకి వెళ్లిపోవడమే తేలిక. లేదా నోరు మూసుకుని ఇంకో పదేళ్లు కుర్చీలు సర్దుకోవడం తేలిక. నాకు రెండూ వద్దనిపించింది.

ఇంటికొచ్చి రత్నంగారికి ఫోను చేసి, షెడ్డు మా కోసం మాట్లాడొద్దని చెప్పాను. "భయపడ్డారన్నమాట" అన్నారు ఆయన. భయంగానే ఉంది, కాదనలేదు. మర్నాడు సాయంత్రం కిరణ్ని వెంటబెట్టుకుని పెద్దపాస్టరుగారి ఇంటికి వెళ్లాను. ఆయన హాల్లో సోఫాలో కూర్చుని ఉన్నారు. కిరణ్ మొదలుపెట్టి, నా వైపు చూశాడు. నేను అందుకున్నాను. "అన్నమ్మగారు మీతో చాటుగా చెప్పుకున్న మాట మీరు మైకులో చెప్పారండీ. అది తప్పు. మీరు ఆవిడ ఇంటికెళ్లి క్షమించమని అడగాలి."

ఆయన నన్ను కాదు, కిరణ్ని చూశారు. "రత్నం పంపించాడా మిమ్మల్ని? షెడ్డు సంగతి నాకు తెలియదనుకున్నారా?"

"షెడ్డు వద్దని చెప్పే వచ్చామండీ" అన్నాడు కిరణ్. "మీరు మా పాస్టరుగారు. మీ చోటు మాకొద్దు. అది దేవుడు చూసుకుంటాడు."

"అందుకే ఊళ్లో చెప్పకుండా మీకే చెప్తున్నాం" అన్నాను నేను.

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. కొంచెంసేపు నిలబడి మేమూ వచ్చేశాం. దారిలో కిరణ్ నా చెయ్యి పట్టుకున్నాడు. కిరణ్ పని ఉంటుందో పోతుందో తెలియదు. ఆయన అన్నమ్మగారింటికి ఇంకా వెళ్లలేదు, నేను రోజూ వెళ్తున్నాను. నిన్న ఆదివారం ఆరాధన చివర ఆయన ఆశీర్వాదం చెప్పడానికి చేతులెత్తారు. ఒక్క క్షణం మా వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. పక్క వరసలో అన్నమ్మగారి కుర్చీ ఖాళీగా ఉంది. నేను పాపని భుజానికెత్తుకుని, లేచి నిలబడి, ఆ ఆశీర్వాదానికి తల వంచాను.